కంద పద్యపు గణాలతో సూపర్‌సిమెట్రీ స్పిన్ గొలుసు కట్టే పద్ధతి

నెల్లూరులో ఎమ్మెస్సీ విద్యార్థులకు క్వాంటం మెకానిక్స్ చెప్పే రోజుల్లో నా తరగతి పక్క గదే తెలుగు వారిది. మధ్య గోడ పలుచన. ఒక మధ్యాహ్నం నేను బోర్డు మీద మూడు గడుల ఫెర్మియాన్ (ఒకే గడిలో రెండు ఇమడని కణం) గొలుసు గీసి, పక్కపక్క గడుల్లో రెండు కణాలు ఉండకూడదన్న నియమం పెట్టి, అందులో వీలయ్యే ఐదు స్థితులు రాస్తున్నాను. గోడ అవతల మాస్టారు కందపద్యం లక్షణం చెబుతున్నారు: "గగ, భ, జ, స, నల. ఈ ఐదే, నాలుగు మాత్రల గణాలు." నా ఐదు స్థితులూ ఆయన ఐదు గణాలూ ఒకటేనని గ్రహించడానికి నాకు ఆ పీరియడ్ అంతా పట్టింది. అప్పటి నుంచి ఈ పాఠాన్ని గురు లఘువులతోనే మొదలుపెడుతున్నాను. మనుమసిద్ధి కొలువులో తిక్కన, అద్దంకిలో ప్రోలయ వేమారెడ్డి కొలువులో ఎర్రన వేల కందాలు నడిపిన గణాలివి. ఎర్రన తమ ఊరివాడేనని చెప్పుకొనే గుడ్లూరు కుర్రాడొకడు తరగతిలో ఉంటే పాఠం ఇంకా సులువుగా సాగుతుంది.

ఈ మార్గదర్శికి కావలసినవి తెల్లకాగితం, పెన్సిలు, మాత్రికల గుణకారం. డిగ్రీ స్థాయి క్వాంటం మెకానిక్స్ తెలిస్తే మంచిది, తెలియకపోయినా మొదటి నాలుగు మెట్లు ఎక్కవచ్చు. సూపర్‌సిమెట్రీ అనగానే పెద్ద కణ త్వరణ యంత్రాలు, ఇంతవరకూ దొరకని కణాలు గుర్తుకొస్తాయి. వాటిని కాసేపు పక్కన పెట్టండి. ఇక్కడ దాని అర్థం ఒకటే: వర్గం సున్నా అయ్యే ఒక చర్య నుంచి శక్తిని తయారు చేయడం.

మొదటి మెట్టు: ప్రస్తారం వేయండి

గొలుసులో ఒక్కో గడి ఖాళీగా ఉండవచ్చు, లేదా ఒక ఫెర్మియాన్ ఉండవచ్చు. రెండు ఫెర్మియాన్లు పక్కపక్కన ఉండరాదు. కాబట్టి ఫెర్మియాన్ ఉన్న గడికి కుడి పక్కది ఎప్పుడూ ఖాళీయే. ఆ రెండు గడులనూ కలిపి ఒక గురువు అనండి, రెండు మాత్రలు. మిగిలిన ప్రతి ఖాళీ గడి ఒక లఘువు, ఒక మాత్ర. చివరి గడిలోనూ కణం ఉండవచ్చు కనుక గొలుసు కుడి కొసన ఒక ఖాళీ గడి అదనంగా అతికించండి. మూడు గడులు నాలుగు మాత్రలవుతాయి. ఈ అదనపు గడిని మరచిపోవడం విద్యార్థులు చేసే మొదటి తప్పు.

మూడు మాత్రలకు ప్రస్తారం, అంటే వీలయ్యే గురు లఘు వరసల జాబితా: లలల, గల, లగ. నాలుగు మాత్రలకు: లలలల (నల), గలల (భ), లగల (జ), లలగ (స), గగ. ఐదు మాత్రలకు ఎనిమిది, ఆరుకు పదమూడు. మొదటి అక్షరం లఘువైతే మిగిలేది ఒక మాత్ర తక్కువ, గురువైతే రెండు మాత్రలు తక్కువ. అందుకే ప్రతి సంఖ్యా ముందున్న రెండింటి మొత్తం. ఫిబొనాచీకి కొన్ని శతాబ్దాల ముందే ప్రాకృత ఛందస్సు చెబుతూ విరహాంకుడు, తర్వాత 12వ శతాబ్దంలో హేమచంద్రుడు చెప్పిన లెక్క ఇదే. 20 మాత్రలకు 10,946 స్థితులు వస్తాయి. కంప్యూటర్‌కు అది చిన్న సంఖ్య.

రెండో మెట్టు: కూర్పు, విడుపు

ఇప్పుడు రెండు చర్యలు కావాలి. కూర్పు అంటే పక్కపక్కన ఉన్న రెండు లఘువులను కలిపి ఒక గురువు చేయడం. అలా చేయగలిగిన చోటు ఒకటికి మించి ఉంటే అన్నీ చేసి కూడాలి. విడుపు దీనికి తిరుగుడు: ఒక్కో గురువునూ విడదీసి రెండు లఘువులు చేయడం. భౌతికశాస్త్రం పుస్తకాలు వీటిని క్యూ డాగర్, క్యూ అంటాయి. మాత్రల సంఖ్య రెండింటిలోనూ మారదు. మారేది అక్షరాల సంఖ్య. ఈ మాట గుర్తుంచుకోండి, నాలుగో మెట్టులో దీనితో పని ఉంది.

గుర్తు నియమం ఒకటి ఉంది. కూర్పు చేసే చోటుకు ఎడమన ఉన్న గురువులు బేసి సంఖ్యలో ఉంటే ముందు మైనస్ పెట్టాలి. విడుపుకూ అదే నియమం. గురువు ఫెర్మియాన్ కాబట్టే ఈ మైనస్.

కందం గణాల మీద ప్రయోగించండి:

కూర్పు(నల) = భ + జ + స
కూర్పు(భ) = −గగ
కూర్పు(జ) = 0, ఎందుకంటే లగలలో రెండు లఘువులు పక్కపక్కన లేవు
కూర్పు(స) = +గగ
కూర్పు(గగ) = 0

నల మీద కూర్పు రెండుసార్లు చేస్తే −గగ + 0 + గగ, అంటే సున్నా. ఎన్ని మాత్రలు తీసుకున్నా ఇంతే. రెండు చోట్ల ఏ వరసలో కూర్చినా ఫలితం ఒకటే గాని గుర్తులు ఎదురెదురుగా వచ్చి కొట్టుకుపోతాయి.

ఇక్కడ నా అనుభవం ఒకటి. మొదటిసారి దీన్ని కంప్యూటర్‌లో రాసినప్పుడు గుర్తు నియమం మరచిపోయాను. మాత్రిక సౌష్ఠవంగానే ఉంది, శక్తులు ఋణం కాలేదు, కానీ జంటగా రావలసిన శక్తులు విడిపోయాయి. రాత్రి కరెంటు పోయి, లాంతరు వెలుగులో కాగితం మీద చేస్తే అసలు సంగతి దొరికింది: భగణం జగణాన్ని తాకకుండా నేరుగా సగణంలోకి దూకుతోంది. గుర్తులు సరిగా ఉంటే నల ద్వారా వచ్చే +1, గగ ద్వారా వచ్చే −1 కొట్టుకుపోయి అది జరగదు. మీ మాత్రికలో అలాంటి దూకుడు కనబడితే మైనస్ ఎక్కడో పోయిందని అర్థం. ఏ లెక్క మొదలుపెట్టినా కూర్పు రెండుసార్లు సున్నా అవుతోందా అని ముందే సరిచూడండి.

మూడో మెట్టు: శక్తిని లెక్కించండి

హామిల్టోనియన్ (శక్తిని ఇచ్చే చర్య) అంటే, విడిచి కూర్చినదీ కూర్చి విడిచినదీ కలిపిన మొత్తం. భగణానికి: విడిస్తే నల, దాన్ని కూరిస్తే భ + జ + స. కూరిస్తే −గగ, దాన్ని విడిస్తే భ − స. రెండూ కలిపితే 2భ + జ. అలాగే జగణానికి భ + జ + స, సగణానికి జ + 2స. నలకు 3, గగకు 2.

ఒక గురువున్న మూడు స్థితుల మాత్రిక ఇలా వస్తుంది:

2 1 0
1 1 1
0 1 2

దీని ఐగెన్ విలువలు, అంటే శక్తులు, 3, 2, 0. నలకు వచ్చిన 3తో ఇక్కడి 3 జత, గగకు వచ్చిన 2తో ఇక్కడి 2 జత. ధన శక్తి స్థితులన్నీ ఇలా కాడికి కట్టిన ఒంగోలు గిత్తల్లా జంటగానే నడుస్తాయి: ఒక దానిలో గురువులు సరి సంఖ్య, రెండోదానిలో బేసి. కాడి లేకుండా తిరిగేది సున్నా శక్తి స్థితి ఒక్కటే. అది ఇదీ:

భ − 2జ + స

పై మాత్రికతో గుణించి చూడండి, మూడు వరసల్లోనూ సున్నా వస్తుంది. వర్గాలు తీస్తే 1, 4, 1. అంటే ఈ స్థితిని కొలిస్తే ఆరింట నాలుగు పాళ్లు జగణమే కనిపిస్తుంది. కందంలో జగణానికి బేసి స్థానాల్లో చోటు లేదు. ఆరో గణంగా మాత్రం నలకో జకో తప్ప ఎవరికీ చోటు లేదు. ఛందస్సులో ఇన్ని ఆంక్షలున్న గణం ఇక్కడ పెద్ద పాలు కొట్టేసిందని చెబితే తెలుగు మాస్టారు చాలాసేపు నవ్వారు. రెండు నియమాలకూ సంబంధం ఏమీ లేదు, కాకతాళీయమే.

శక్తి ఎందుకు ఎప్పుడూ సున్నాకు తగ్గదు? ఏ స్థితికైనా సగటు శక్తి అంటే కూర్చిన ఫలితపు పొడవు వర్గం, విడిచిన ఫలితపు పొడవు వర్గం, రెండింటి మొత్తం. వర్గాల మొత్తం ఋణం కాదు. సున్నా కావాలంటే రెండూ విడివిడిగా సున్నా కావాలి. కాబట్టి సున్నా శక్తి స్థితిని కూర్చినా విడిచినా ఏమీ మిగలదు.

సున్నా స్థితి ఉంటుందో లేదో మాత్రిక రాయకుండానే చెప్పే ఉపాయం ఉంది. గురువులు సరి సంఖ్యలో ఉన్న స్థితులకు +1, బేసి సంఖ్యలో ఉన్నవాటికి −1 వేసి కూడండి. జంటలు కొట్టుకుపోయి సున్నా శక్తివే మిగులుతాయి. 1982లో ఎడ్వర్డ్ విట్టెన్ ప్రవేశపెట్టిన సూచిక ఇది. మన ప్రస్తారానికి దీని లెక్క మరీ సులువు: విరహాంకుని సూత్రంలో కూడిక బదులు తీసివేత. మొదటి అక్షరం గురువైతే ఒక మైనస్ వస్తుంది కదా. 1 మాత్రకు 1, రెండుకు 0, అక్కడి నుంచి −1, −1, 0, 1, 1, 0, −1 అని తిరుగుతుంది. మాత్రల సంఖ్యను 3తో భాగిస్తే శేషం 2 వచ్చినప్పుడు సూచిక సున్నా. త్రిశ్ర గతికీ చతురశ్ర గతికీ సున్నా శక్తి స్థితి ఉంది. ఐదు మాత్రల ఖండ గతికి లేదు: దాని శక్తులు 4, 2, 2+√2, 2−√2, ఒక్కోటీ రెండేసి సార్లు.

జాగ్రత్త: సూచిక సున్నా అయినంత మాత్రాన సున్నా స్థితి లేదని నిరూపణ అయిపోదు. ఒక సరి, ఒక బేసి సున్నా స్థితులు కలిసి కూడా కొట్టుకుపోవచ్చు. ఈ గొలుసులో అలా జరగదు గాని, కొత్త నమూనా పట్టుకున్నప్పుడు ఈ తొందరపాటు చేయకండి.

నాలుగో మెట్టు: దీన్ని స్పిన్ గొలుసుగా చదవండి

ఇప్పటి వరకు మాత్రలు లెక్కపెట్టాం. ఇప్పుడు అక్షరాలు లెక్కపెట్టండి. గురువును పైకి చూసే స్పిన్ అనండి, లఘువును కిందికి చూసే స్పిన్. భ, జ, స అన్నవి మూడు స్పిన్‌ల గొలుసులో ఒకటి పైకి, రెండు కిందికి. మూడో మెట్టులోని మాత్రిక మళ్లీ చూడండి. వికర్ణానికి బయట ఉన్న ప్రతి 1 ఒక ‘గల’ జత ‘లగ’ జతగా మారడం, లేదా ‘లగ’ జత ‘గల’ జతగా మారడం, అంతే. వికర్ణం మీదివి ఎలా వచ్చాయంటే, గురువుల సంఖ్యకు పక్కపక్కన ఉన్న లఘువుల జతల సంఖ్య కలిపితే వస్తాయి. భ: 1+1. జ: 1+0. నల: 0+3. గగ: 2+0. ఈ రెండు నియమాలు తెలిస్తే కూర్పు విడుపులు మళ్లీ చేయకుండా ఎంత పెద్ద మాత్రికనైనా రాయవచ్చు.

మార్పిడికి బలం 1, లఘువుల జతకు బలం 1. పౌలీ మాత్రికల్లోకి తిప్పితే మార్పిడి ఎక్స్, వై దిశల్లో చెరి 1/2గా విడిపోతుంది, జత జెడ్ దిశలో 1/4 అవుతుంది. నిష్పత్తి 1/2. ఒకటి విడిచి ఒక అక్షరానికి గుర్తు తిప్పితే −1/2. ఎక్స్ఎక్స్‌జెడ్ గొలుసు అనే పేరున్న ప్రసిద్ధ నమూనా, దాని అసమదైశికత (జెడ్ దిశ బలానికి ఎక్స్ దిశ బలంతో నిష్పత్తి) విలువ −1/2 అయిన చోట, మన కందం గణాల్లోంచి బయటపడింది. కొసల దగ్గర మాత్రం చిన్న అయస్కాంత క్షేత్రాలు మిగులుతాయి. పాల్ ఫెండ్లీ, కారెల్‌జాన్ షౌటెన్స్, యాన్ డి బూర్ 2003లో ఈ ఫెర్మియాన్ నమూనాను ప్రకటించి, ఎక్స్ఎక్స్‌జెడ్‌తో బంధుత్వాన్ని చూపారు. స్పిన్ వ్యవస్థల్లో సూపర్‌సిమెట్రీ అన్న ఆలోచన అంతకు ముందే, 1976లో, హెర్మాన్ నికోలాయ్ వ్యాసంలో ఉంది.

రెండో మెట్టులో గుర్తుంచుకోమన్న మాట ఇక్కడికి వచ్చింది. కూర్పు రెండు లఘువులను ఒక గురువుగా మారుస్తుంది, అంటే నాలుగు స్పిన్‌ల గొలుసును మూడు స్పిన్‌ల గొలుసుకు పంపుతుంది. గొలుసు పొడవునే మార్చే ఇలాంటి సౌష్ఠవాన్ని వ్యాసాల్లో మొదటిసారి చదివినవారు తికమకపడతారు. జాతి పద్యాల్లో ఒక గురువున్న చోట రెండు లఘువులు వేసుకోవడం అలవాటైన మనకు ఇది వింత కాదు. అక్షరాలు మారతాయి, మాత్రలు నిలుస్తాయి.

ఆరు మాత్రలతో సాధన చేయండి. సూచిక +1, కాబట్టి సున్నా స్థితిలో గురువులు సరి సంఖ్య, రెండు గురువులు రెండు లఘువులు. ఆరు స్థితులు. సమాధానం:

గగలల 1, గలగల −3, గలలగ 2, లగగల 3, లగలగ −3, లలగగ 1

ఒక్కో మార్పిడికి గుర్తు ఒకసారి తిరుగుతుంది, అది తీసేస్తే అన్నీ ధన పూర్ణాంకాలే. ఇది అంత మామూలు విషయం కాదు. మామూలుగా క్వాంటం గొలుసుల భూస్థితుల్లో (అతి తక్కువ శక్తి స్థితుల్లో) కరణులు, దశాంశాలు తప్ప పూర్ణాంకాలు ఎక్కడివి? ఐదు అక్షరాలను వలయంగా కట్టి, రెండు గురువులు ఉంచి, −1/2 దగ్గర మామూలు ఎక్స్ఎక్స్‌జెడ్ లెక్క చేయండి. గురువులు పక్కపక్కన ఉంటే 1, విడిగా ఉంటే 2 వస్తుంది. బేసి పొడవు వలయాల్లో అతి పెద్ద అంకె 1, 2, 7, 42, 429 అని పెరుగుతుందని రజుమోవ్, స్త్రోగనోవ్ 2001లో గమనించారు. అవి ఒకటి విడిచి ఒకటి గుర్తు మారే మాత్రికల సంఖ్యలు, శుద్ధ సంయోజన గణితానివి. ఈ మార్గదర్శిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన చోటు ఇదే.

ఐదో మెట్టు: సమాకలనీయత విడిగా చూడండి

సూపర్‌సిమెట్రీ ఉంటే గొలుసు పూర్తిగా సాధించదగినది (సమాకలనీయం) అవుతుందని చాలామంది అనుకుంటారు. రెండూ వేరు గుణాలు. ఇవే కూర్పు విడుపులను త్రిభుజాల జాలం మీద పెడితే సూపర్‌సిమెట్రీ చెక్కుచెదరదు, సున్నా స్థితులు గుంపులుగా పుడతాయి, కానీ సమాకలనీయత పోతుంది. ఎక్స్ఎక్స్‌జెడ్ గొలుసు ఏ నిష్పత్తి దగ్గరైనా సమాకలనీయమే, కానీ ఈ సూపర్‌సిమెట్రీ −1/2 దగ్గరే. మన గొలుసులో రెండూ కలిశాయి.

పరీక్షకు 1931 నాటి హాన్స్ బేతే పద్ధతి పట్టుకోండి. గొలుసును వలయంగా మూయండి, ఇక అదనపు గడి అక్కరలేదు. ఒకే గురువు ఉంటే అది తరంగంలా తిరుగుతుంది. మాత్రల సంఖ్యలోంచి 2 తీసి, తరంగ సంఖ్య కొసైన్‌కు రెట్టింపు కలిపితే శక్తి. నాలుగు మాత్రల వలయంలో తరంగ సంఖ్య π అయితే 2 − 2 = 0, సూచిక చెప్పిన సున్నా స్థితి అదే.

రెండు గురువులు ఉన్నప్పుడు రెండు తరంగాలను రెండు వరసల్లో కలిపి రాయాలి. రెండూ ఆనుకున్న చోట, అంటే కణాలు రెండు గడుల దూరంలో ఉన్నప్పుడు, రెండు మార్పిడులు లోపిస్తాయి, వికర్ణంలో 1 అదనంగా వస్తుంది. మామూలు సమీకరణాన్ని అక్కడికీ పొడిగించి తీసివేస్తే మిగిలే షరతు: మొదటి కణం ఒక గడి ముందుకు జరిగినప్పటి కల్పిత విలువ, రెండోది ఒక గడి వెనక్కి జరిగినప్పటి కల్పిత విలువ, ఈ రెండింటి మొత్తం అసలు విలువకు సమానం. దీని నుంచి ఒక గురువు మరొకదాన్ని దాటేటప్పుడు వచ్చే గుణకం దొరుకుతుంది. అది ఎక్స్ఎక్స్‌జెడ్ గుణకమే, గురువుకు రెండు మాత్రలు కనుక వచ్చే ఒక అదనపు జరుగుబాటుతో.

మూడు గురువులకు కొత్త షరతు అవసరం లేకుండా ఇద్దరిద్దరి గుణకాలతోనే పని జరిగితే గొలుసు సమాకలనీయం. మూడు ఎదురుపాట్లు ఏ వరసలో జరిగినా ఫలితం ఒకటే అనే ఈ సంగతే 1967లో యాంగ్, 1972లో బాక్స్‌టర్ రాసిన సమీకరణం. ఇక్కడ గుణకాలు వట్టి సంఖ్యలు కాబట్టి వరస సమస్యే రాదు, బేతే పరికల్పన నిలుస్తుందో లేదో చూస్తే చాలు. కణాలకు లోపలి రకాలు ఉన్న గొలుసుల్లో గుణకాలు మాత్రికలవుతాయి, అప్పుడే ఆ సమీకరణం పళ్లు చూపిస్తుంది.

ఆరో మెట్టు: రెండో రకం సూపర్‌సిమెట్రీతో కలపకండి

వ్యాసాల్లో సూపర్‌స్పిన్ గొలుసు అని కనబడితే చాలావరకు అది వేరే వస్తువు. అక్కడ ఒక్కో గడిలో కొన్ని బోసాన్ రకాలు, కొన్ని ఫెర్మియాన్ రకాలు ఉంటాయి. హామిల్టోనియన్ పక్క గడుల సరుకును తారుమారు చేస్తుంది, రెండూ ఫెర్మియాన్లయితే మైనస్ పెడుతుంది. సౌష్ఠవం సూపర్ బీజగణితానిది. ఒక బోసాన్, ఒక ఫెర్మియాన్ ఉన్నది స్వేచ్ఛా ఫెర్మియాన్లే. ఖాళీ, పై ఎలక్ట్రాన్, కింది ఎలక్ట్రాన్ అనే మూడు రకాలుంటే టీ-జే నమూనా (టీ ఎలక్ట్రాన్ గడి మారే బలం, జే పక్క స్పిన్‌ల మధ్య బలం), జే విలువ టీకి రెట్టింపైన చోట. అక్కడ శక్తులు పెద్ద పెద్ద గుంపులుగా కలిసి వస్తాయి, శక్తి ఒక వర్గం నుంచి పుట్టనక్కరలేదు. 2003లో బైసర్ట్, స్టౌడాకర్ గేజ్ సిద్ధాంతంలో పట్టుకున్న సూపర్ గొలుసు ఈ కుటుంబంలోదే.

ఏడో మెట్టు: కంప్యూటర్‌కు అప్పగించండి

పైథాన్ చాలు. గురువుల సంఖ్యను స్థిరంగా ఉంచి, ఆ స్థితులు మాత్రమే జాబితా వేసి, నాలుగో మెట్టులోని రెండు నియమాలతో విరళ మాత్రిక నింపండి. 30 మాత్రలకు మొత్తం 13,46,269 స్థితులు. గురువుల వారీగా విడదీస్తే ఇంట్లో ఉండే కంప్యూటర్ మోయగలదు. సున్నా స్థితిని దశాంశాల్లో తీశాక, అతి చిన్న అంశంతో అన్నింటినీ భాగించండి. పూర్ణాంకాలు రాకపోతే మాత్రికలో తప్పుంది.

పైథాన్ తెరవడానికి ముందు ఏడు మాత్రల మిశ్ర గతిని చేత్తో చేయండి. రెండు గురువులు, మూడు లఘువులు, పది స్థితులు. కుడి ఎడమల సౌష్ఠవం వాడుకుంటే ఆరు తెలియని సంఖ్యలే మిగులుతాయి. గగలలల దగ్గర 1తో మొదలుపెట్టండి, గుర్తులు వదిలేసి. లగలగల దగ్గర 11, గలలలగ దగ్గర 3 వస్తే మీ లెక్క సరిపోయినట్టే.